లద్దె పురుగులకు వాసన పాఠాలు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి దగ్గర నాయనమ్మ చెంచమ్మ. పొయ్యికీ గుమ్మానికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూ అమ్మ. వసారాలో నాన్న అంకమ్మరావు, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ. ముందుగదిలో కుర్చీ మీద వ్యవసాయ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ పరాంకుశం గారు, ఊళ్ళో అందరూ ఏడీ గారంటారు. ఆయన వెనక మా ఊరి వ్యవసాయ సహాయకుడు ప్రభుదాసు. ఎదురు కుర్చీలో రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన డైరెక్టర్ మేడమ్. బల్ల మీద, మూతకు చిల్లులు పెట్టిన గాజు సీసాలో, శిక్షణ పొందుతున్న లద్దె పురుగులు. వంటింటి తలుపు పక్కన నేను.

నేనెప్పుడూ తలుపు పక్కనే ఉంటాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. చెప్పాలనుకున్నది తర్వాత డైరీలో రాసుకుంటాను. నా పేరు తేజ. అది బాగా ఘాటుండే మిర్చి రకం పేరు. నేను పుట్టిన ఏడు ఆ పంట బాగా వచ్చిందని నాన్న నాకు పెట్టాడు. "పేరుకున్న ఘాటు నోటికి లేదు" అని నాయనమ్మ అంటూ ఉంటుంది.

పురుగులు బల్ల ఎక్కడానికి కారణం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ ఏడు మా ఊళ్ళో మిర్చికి లద్దె పురుగు పట్టింది. అది పగలంతా మట్టిపెళ్ళల కింద నక్కి, పొద్దుగూకగానే బయటికొచ్చి ఆకూ కాయా తింటుంది. అందరూ మందు కొట్టారు. చావలేదు. మోతాదు పెంచి కొట్టారు. ఒక పూట నెమ్మదించి, మర్నాడు మామూలుగా తిన్నది. మందు కల్తీదని కొట్టు ముందు గొడవైతే, ప్రభుదాసు కాసిని పురుగుల్నీ కాస్త మందునూ ల్యాబుకు పంపాడు. మందులో లోపం లేదని జవాబొచ్చింది. పురుగుల్లోనే ఒక జన్యువు ఉందట. దాని వల్ల మందు ఒంట్లోకి వెళ్ళినా విరిగిపోతుందట. ఆ జన్యువు తల్లి నుంచి పిల్లకు వస్తుందట. ఇదే మందు కొట్టేకొద్దీ అలాంటి పురుగులే మిగిలి, అలాంటి పిల్లల్నే పెడతాయట. కాబట్టి ఆ మందు ఆపి, పురుగుల్ని చేత్తో ఏరి, మిగిలినవి అటు మళ్ళేట్టు గట్ల మీద ఆముదం మొక్కలు వేసుకోమని ల్యాబువాళ్ళు రాశారు.

"అంతేగా! ఇయ్యాల్టి నించే ఏరతా" అని నాన్న ఏరినవాటిని వేయడానికి డబ్బాలో కిరసనాయిలు పోసుకున్నాడు.

"ఆగు మామా" అన్నాడు ప్రభుదాసు. "ల్యాబు కాయితం ఏడీ గారి పరిశీలనలో ఉంది. ఆయన జెప్పిందాకా ఏం జేయమాకు."

ఏడీ గారు ఆ కాయితాన్ని నిజంగానే పరిశీలించారు. ఆయనకు కొద్ది రోజుల ముందే ముక్కుకు ఆపరేషన్ అయింది. రైతుల మీటింగుకు ముక్కు మీద చిన్న పట్టీతో వచ్చారు. మైకు అక్కర్లేదని చేత్తో పక్కకు జరిపి, మళ్ళీ దగ్గరికి లాక్కుని మైకులోనే మాట్లాడారు.

"రైతు సోదరులారా! ల్యాబు నివేదికను క్షుణ్ణంగా చదివాను. పురుగు ఎందుకు చావడం లేదో వారు చెప్పారు. ఎందుకు పారిపోవడం లేదో చెప్పలేదు. ఇంత ఘోరమైన వాసన గల మందు మీద పడుతుంటే ఏ ప్రాణి అయినా పారిపోవాలా, వద్దా?"

"పోవాల్సిందే" అన్నారు ముందు వరసలోవాళ్ళు.

"ఇది మాత్రం కూర్చుని తింటోంది. కారణం ఒక్కటే. దానికి వాసన తెలియడం లేదు. ఈ మాట అధికారిగా చెప్పడం లేదు, బాధితుడిగా చెబుతున్నాను." ఆయన పట్టీని వేలితో తాకారు. "ముక్కులో కండ పెరిగి ఏళ్ళ తరబడి నాకూ వాసన లేదు. మా నాన్నగారికీ అంతే. అంటే నాదీ వంశపారంపర్యమే, పురుగుదీ వంశపారంపర్యమే. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

నాయనమ్మ వెనక వరసలోంచి లేచింది. "మరి నీకు ఆపరేషన్ జేశారు గదయ్యా. పురుక్కి గూడా జేపిస్తారా?"

అందరూ నవ్వారు. ఏడీ గారు నవ్వలేదు.

"ఆ ప్రతిపాదన పరిశీలించామమ్మా. బడ్జెట్ సహకరించలేదు."

ఆపరేషన్ తర్వాత ఆయన డాక్టరు చెప్పిన చికిత్స ఇది: రోజా, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు సీసాల్నీ పొద్దునా సాయంత్రం తప్పకుండా వాసన చూడాలి. అలా చూస్తూ ఉంటే మెదడు మరిచిపోయిన వాసనల్ని మెల్లగా గుర్తు తెచ్చుకుంటుంది. మనిషికి పనికొచ్చిన శిక్షణ పురుగుకు ఎందుకు పనికిరాదు, అన్నది ఏడీ గారి ప్రశ్న. మీటింగులో ఎవరి దగ్గరా జవాబు లేదు. పై ఆఫీసులో కూడా లేనట్టుంది. వారం తిరగకుండానే 'కీటక ఘ్రాణ పునరుద్ధరణ పథకం' మంజూరైంది.

శిక్షణకు మా చేను ఎంపికైంది. అది రోడ్డు పక్కన ఉంటుంది, కారు దిగితే బూట్లకు బురద అంటదు.

మొదట అర్హుల ఎంపిక జరిగింది. చేనంతా పాత మందే ఇంకోసారి కొట్టించారు. ఎక్కడో మిగిలిన కొన్ని మామూలు పురుగులు చచ్చిపోయాయి. వాటికి వాసన తెలిసినట్టు లెక్క, శిక్షణ అక్కర్లేదు. మందు తాగి కూడా హాయిగా ఉన్నవాటిని లబ్ధిదారులుగా ప్రకటించారు. తర్వాత గట్టు మీద బోర్డు పాతారు. 'శిక్షణా క్షేత్రం. లబ్ధిదారులను ఏరుట, నలుపుట, భయపెట్టుట నిషేధం.'

నాన్న ఆ బోర్డును రెండుసార్లు చదివాడు.

"సారూ, మరి అయ్యి కాయలు తింటంటే?"

"శిక్షణ కాలంలో భోజన వసతి పథకంలో భాగమే, అంకమ్మరావు గారూ."

"ఎవురి భోజనమండీ అది?"

"మీ సహకారాన్ని రికార్డులో ప్రత్యేకంగా ప్రస్తావిస్తాం."

"అది గాదు సార్. ఎన్నాళ్ళిట్టా?"

ఏడీ గారు ఆ ప్రశ్నను మెచ్చుకున్నారు. ఆయన దగ్గర నియమం సిద్ధంగా ఉంది. లబ్ధిదారులకు వాసన వచ్చిందని శిక్షకుడు ధ్రువీకరించిన రోజున చేను తిరిగి రైతుకు అప్పగిస్తారు. అయితే శిక్షకుడికే వాసన రాకుండా ఇంకొకరికి వచ్చిందని ఎలా ధ్రువీకరిస్తాడు? కాబట్టి ముందు శిక్షకుడికి రావాలి. శిక్షకుడు ఏడీ గారే.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాయనమ్మ ముద్ద కలుపుతూ అన్నది: "అయితే మన మిరపచేను ఆ ఆఫీసరు ముక్కులో ఇరుక్కుందన్నమాట."

పట్నం దుమ్ము ముక్కుకు మంచిది కాదని డాక్టరు చెప్పాడట. అందువల్ల ఏడీ గారు మా ముందుగదిలోనే క్యాంపు ఆఫీసు పెట్టారు. గోడకు డాక్టరు రాసిచ్చిన చీటీ అంటించారు. సీసాలు పట్టుకునే పనికి మనిషి కావాలన్నారు. ప్రభుదాసు తన పేరు చెప్పబోతే ఆపి, తలుపు పక్కనున్న నన్ను చూపించారు.

"ఆ పాప. ఈ పనికి నిశ్శబ్దమే ముఖ్య అర్హత."

అలా నాకు బడికి వెళ్ళే ముందు, వచ్చిన తర్వాత, ఒక ఉద్యోగం దొరికింది. ఏడీ గారు కళ్ళు మూసుకుంటారు. నేను ఒక సీసా మూత తీసి ముక్కు కింద పెడతాను. ఆయన గట్టిగా పీల్చి, ఆలోచించి, "నిమ్మ" అంటారు. నేను "రోజా" అంటాను. ఆయన నిట్టూర్చి, "రెండూ పూజకు వాడేవే. దగ్గర్లోకి వచ్చాం" అంటారు. తర్వాత అదే సీసాలో ముంచిన దూదిని పురుగుల ముందు తిప్పుతాను. కొన్ని పురుగులు తల ఎత్తేవి. "స్పందన" అని ప్రభుదాసు రాసేవాడు. దూది తగిలితే కొన్ని చుట్టగా ముడుచుకునేవి. "ఇదేం రాయమంటారు సార్?" అంటే, ఏడీ గారు నా వైపు ఒకసారి చూసి, "బిడియం అని రాయి" అన్నారు.

ఒకరోజు పొద్దున చేలో పెద్ద పురుగులు కనపడలేదు.

"ఏరీ?" అన్నారు ఏడీ గారు.

"ప్యూపా దశ సార్. మట్టిలో దూరి గూడు గట్టుకుంటయ్యి. కొన్నాళ్ళకు రెక్కలొచ్చి బయటికొస్తయ్యి" అన్నాడు ప్రభుదాసు.

"శిక్షణ మధ్యలో? ఎవరి అనుమతితో?"

ప్రభుదాసు మట్టి వైపు చూశాడు. మట్టి ఏమీ చెప్పలేదు. ఏడీ గారు మొదట అనుమతి లేని గైర్హాజరు కింద నోటీసు తయారు చేయించి, కర్రకు కట్టి చేలో నిలబెట్టించారు. తర్వాత తన ఆపరేషన్ సెలవు గుర్తొచ్చిందో ఏమో, మనసు మార్చుకుని దాన్ని మెడికల్ లీవుగా మార్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు.

కొన్నాళ్ళకు రెక్కలు వచ్చి పురుగులు ఎగిరిపోయాయి. పక్క డివిజన్ ఏడీ ఫోను చేసి కేకలేశాడు. ఫోను మా ఏడీ గారి చెవి దగ్గరున్నా తలుపు దాకా వినిపించింది.

"మీ లబ్ధిదారులు మా చేలల్లో గుడ్లు పెడుతున్నారండీ! మేమేం చేయాలి?"

"వారిని గౌరవంగా చూడండి. వారికి నిమ్మ దాకా పాఠాలు అయిపోయాయి" అని ఏడీ గారు ఫోను పెట్టేసి, 'పథకం ఫలాలు పొరుగు డివిజన్లకు సైతం అందుచున్నవి' అని పై ఆఫీసుకు రాయించారు.

మా చేలో కూడా గుడ్లు పొదిగాయి. ఆకుల అడుగున గుంపులు గుంపులుగా సన్నపురుగులు. వీటికి పాఠాలు మొదటి నుంచి చెప్పాలా, లేక తల్లులు ఆపిన చోటు నుంచి చెప్పాలా అని ఒక సందేహం వచ్చింది. జన్యువు వంశపారంపర్యంగా వచ్చినప్పుడు శిక్షణ మాత్రం ఎందుకు రాదని ఏడీ గారి వాదన. దీని మీద పై ఆఫీసు వివరణ కోరారు. పై ఆఫీసు ఒక కమిటీని వేసింది.

నాన్నకు మాత్రం సందేహం లేదు. చేను కింది మూలంతా అప్పటికే పుల్లలే మిగిలాయి. పై సగంలో కాపు ఇంకా నిలిచి ఉంది. ఈ పిల్లపురుగులు పెద్దవయ్యేలోగా ఏరిపారేస్తే అది దక్కుతుంది. లేకపోతే అదీ పోతుంది. ఇది పోతే ఈ ఏటికి మాకు ఇంకో పంట లేదు. రోజూ పొద్దుగూకే వేళ కిరసనాయిలు డబ్బా పట్టుకుని వెళ్ళి, గట్టు మీద బోర్డు పక్కన నిలబడి, మళ్ళీ డబ్బా నిండుగానే తెచ్చుకునేవాడు.

"ఏందయ్యా, దేవుడి జెండా దగ్గర నిలబడ్డట్టు నిలబడతావ్? రెండు పీకి నలప్పోయినావా?" అన్నది అమ్మ.

"నిన్న ఒకటి నలిపా. ప్రభుదాసు జూసి, మరణ కారణం ఏం రాయమంటావ్ మామా అని ఏడుపు మొకం బెట్టాడు."

"మరి ఏడీ గారి ముక్కెప్పుడొస్తదంట?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ రోజు ఆయన లవంగాన్ని నీలగిరి అన్నారు.

ఒక మధ్యాహ్నం అనుకోకుండా జల్లు పడింది. ఆదివారం, బడి లేదు. ఏడీ గారు వసారాలోకి వచ్చి నిలబడి గుండె నిండా గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు.

"పాపా, ఇప్పుడు మట్టి వాసన వస్తూ ఉండాలి కదా?"

తల ఊపాను.

"ఎలా ఉంటుందమ్మా? నాకు సరిగ్గా గుర్తు లేదు."

నాకు చెప్పడం రాలేదు. కొత్త కుండలో నీళ్ళు పోసినట్టు ఉంటుందని తర్వాత డైరీలో రాశాను. ఆయన వాన వైపు చూస్తూనే మాట్లాడారు.

"మా ఆవిడ కాఫీ పెడితే, పేపరు చదువుకుంటూ వీధిలో కూర్చున్నా నాకు తెలిసిపోయేది. ఇప్పుడు కప్పు చేతికిచ్చినా తెలియదు. ఎలా ఉందీ అని రోజూ అడుగుతుంది పాపం. బ్రహ్మాండంగా ఉందంటాను." లోపలికి వెళ్ళి గోడ మీది చీటీని వేలితో చూపించారు. రోజూ పొద్దున్నే దాన్ని పైకి చదువుతారు గనక నాకు కంఠతా వచ్చు. 'వాసన వచ్చే వరకు మానరాదు. మధ్యలో మానితే తిరిగి రాకపోవచ్చు.'

"అందుకే నేను మానను" అన్నారు.

ఆ తర్వాత నేను సీసాలు ఇంకొంచెం శ్రద్ధగా పట్టుకున్నాను.

పాల సంగతి జరిగింది ఆ వారంలోనే. అమ్మ పాలు చూడమని చెప్పి బావి దగ్గరికి వెళ్ళింది. నేను చదువుకుంటూ మరిచిపోయాను. పాలు పొంగి, గిన్నె అంటుకుని, ఇల్లంతా మాడు కంపు. వంటింటికి అడుగు దూరంలో కూర్చున్న ఏడీ గారు ప్రశాంతంగా ఫైలు చదువుతున్నారు. కొంచెం సేపటికి నాయనమ్మ పప్పులో ఎండుమిర్చి తాళింపు వేసింది. అంతే, ఆయన దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుంటూ వీధిలోకి పరిగెత్తారు.

అన్నం తినేటప్పుడు నాకు వచ్చిన ఆలోచన నాయనమ్మకు చెప్పాను. ఇంట్లోవాళ్ళతో నేను బాగానే మాట్లాడతాను.

"నాయనమ్మా, ఆయనకి మాడు కంపు తెలీలా. మిరప ఘాటు మాత్రం తెలిసింది. ఘాటంటే వాసన గాదంట. మంట తగిలినట్టు తగులుద్దంట, అది వేరే నరం పనంట. ముక్కు జచ్చినోళ్ళకి గూడా దగ్గొస్తదని మా సైన్స్ టీచరు జెప్పింది."

నాయనమ్మ నమలడం ఆపింది.

"అట్నా?" అన్నది. ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఇక డైరెక్టర్ మేడమ్ వచ్చిన రోజు. పథకం పేరు రాజధానిలో బాగా వినపడుతోందట. ఇంకా రెండు మూడు జిల్లాల అధికారులు తమ పురుగులకు కూడా వాసన లేదని రాశారట. మేడమ్ చేను చూసి, బోర్డు ముందు ఫొటో దిగి, మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

"ఇంతవరకు ఎంతమంది లబ్ధిదారులు కోలుకున్నారు, పరాంకుశం గారూ?"

ఏడీ గారు లేచి నిలబడ్డారు. కాఫీ విషయంలో తప్ప ఆయన అబద్ధం చెప్పరు. "లబ్ధిదారుల పురోగతి శిక్షకుడి పురోగతికి అనుసంధానమై ఉంది మేడమ్. శిక్షకుడి పురోగతి..." అని నా చేతిలో సీసాల వైపు చూశారు. "పరిశీలనలో ఉంది."

"నిరాశ పడకండి. పథకాన్ని వచ్చే ఏడాది చివరి దాకా పొడిగిద్దాం. రైతు ఎలాగూ సహకరిస్తున్నారు." మేడమ్ వసారాలో ఉన్న నాన్నను చూసి నవ్వారు. నాన్న చేతిలో తలగుడ్డ కింద పడిపోయింది. దాన్ని తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

అప్పుడు నాయనమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"అమ్మా, నువ్వేం అనుకోనంటే ఒక మాట. ఈ అయ్యకి ముక్కు రాకపోటానికి జబ్బు గాదు కారణం. దిష్టి. ఊరూరా జీపేసుకుని తిరుగుతుంటే, ఎంతమంది కళ్ళు పడ్డయ్యో. ఒక్క నిమిషం, తీసేస్తా."

మేడమ్ కనుబొమలు ముడిచారు. "ఇది శాస్త్రీయమేనా?"

"క్షేత్రస్థాయి సంప్రదాయ పరిజ్ఞానం మేడమ్" అన్నారు ఏడీ గారు కొంచెం ఆశగా. "మన మార్గదర్శకాల్లో దానికి ఒక పేరా కేటాయించాం."

దిష్టికి మా వైపు రెండు మూడు ఎండుమిరపకాయలూ గుప్పెడు ఉప్పూ తిప్పి పొయ్యిలో వేస్తారు. దిష్టి తగిలిన మనిషికి తిప్పినవైతే కాలినా ఘాటు రాదంటారు. నాయనమ్మ రెండు మూడు తేలేదు. మా చేలో తొలికోతలో ఎండబెట్టిన తేజ కాయలు, చాట నిండా తెచ్చింది. ఏడీ గారి చుట్టూ తిప్పి, ఊరి కళ్ళనూ జిల్లా కళ్ళనూ పేరు పేరునా తిట్టి, మొత్తం తీసుకెళ్ళి పొయ్యిలో కుమ్మరించింది. అంతటితో ఆగకుండా ఆ చాటతోనే పొగను ముందుగదిలోకి విసిరింది.

మొదట మేడమ్ దగ్గారు. తర్వాత ప్రభుదాసు, అమ్మ, నేను. వసారాలో నాన్న. వీధిలో కారు డ్రైవరు. ఏడీ గారు దగ్గుతూ ముందుకు వంగి, బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా ఉన్నట్టుండి నిటారుగా లేచారు.

"వచ్చింది!"

"ఏం వచ్చింది?" అన్నారు మేడమ్ పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"వాసన! మేడమ్, నాకు వాసన వచ్చింది! మిరపకాయ! ముమ్మాటికీ ఇది మిరపకాయే!"

అది మిరపకాయే. అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆయన బల్ల గట్టిగా కుదపడంతో సీసాలో పురుగులన్నీ కదిలాయి. "చూడండి, లబ్ధిదారులకూ వచ్చింది! పైకి ఎక్కుతున్నారు!" అన్నాడు ప్రభుదాసు. అతను దగ్గుతూనే నాన్న వైపు కన్ను గీటడం నేను చూశాను.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ ఉత్తర్వు చెప్పారు, ప్రభుదాసు రాశాడు. శిక్షకునకు, శిక్షణార్థులకు ఏకకాలమున ఘ్రాణశక్తి సిద్ధించినందున పథకం విజయవంతంగా ముగిసినది. క్షేత్రమును రైతునకు తిరిగి అప్పగించడమైనది. ఇకపై లబ్ధిదారులు మందు వాసన పసిగట్టి స్వచ్ఛందంగా వెళ్ళిపోగలరు.

నాన్న ఆఖరి వాక్యం దాకా ఆగలేదు. కిరసనాయిలు డబ్బా మోత వీధి మలుపు దాకా వినిపించింది.

ఏడీ గారు ముందుగదిలో ఒక మూలకు వెళ్ళి ఇంటికి ఫోను చేశారు. "వచ్చేసిందోయ్! అవును, నిజంగా! రేపు పొద్దున్నే వస్తున్నా. కాఫీ పెట్టు. ఈసారి నిజం చెప్తాను ఎలా ఉందో." ఫోను జేబులో పెట్టుకుని, గోడ మీది డాక్టరు చీటీని జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. తర్వాత నా దగ్గరకు వచ్చారు.

"ఈ సీసాలు నువ్వే ఉంచుకో పాపా. నాకు ఇంక వీటితో పని లేదు."

నేను సీసాలను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో మానితే తిరిగి రాకపోవచ్చు. రేపు పొద్దున ఆయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఏమీ రాదు. ఈ పూట మొరాయించింది, రేపు వస్తుందని అనుకుంటారు. సీసాలు ఉండవు.

మేడమ్ పెన్ను మూత తీసి, కాయితం మీద పెట్టి, ఆగారు. ఆమె చూపు సరిగ్గా తలుపు దగ్గరకు వచ్చింది.

"సంతకం పెట్టే ముందు ఒక్క మాట. పాపా, రోజూ సీసాలు పట్టింది నువ్వే కదా? సార్‌కి నిజంగా వాసన వచ్చిందా?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కళ్ళతోనే దండం పెట్టింది. ఏడీ గారు పరీక్ష ఫలితాలు వినే పిల్లాడిలా చూస్తున్నారు. రాలేదంటే చేను మళ్ళీ ఆయన ముక్కులో ఇరుక్కుంటుంది. నాన్న ఇప్పుడే వంగి మొదటి పురుగును తీస్తూ ఉంటాడు. వచ్చిందని ఊరుకుంటే ఆయనకు కాఫీ వాసన ఇక ఎప్పటికీ రాదు.

నాకు ఎప్పుడూ దొరకని మాట ఆ క్షణంలో పూర్తిగా, మొదలూ చివరా సహా దొరికింది. వచ్చింది మేడమ్, కానీ ఆయన సీసాలు మానకుండా ఇంకొన్నాళ్ళు చూడాలి. చేనూ దక్కుతుంది, ముక్కూ దక్కుతుంది. ఒక అడుగు ముందుకు వేశాను. గుమ్మం మీదికి వచ్చాను.

"వచ్చింది మేడమ్" అన్నాను, అందరికీ వినపడేట్టు. "కానీ..."

ఆ 'కానీ' నాయనమ్మకు నచ్చలేదు. మంచినీళ్ళ చెంబుతో మేడమ్ దగ్గరకు వెళ్తున్నది కాస్తా వెనక్కి ఒక అడుగు వేసి, నన్ను మోచేత్తో వంటింటి పొగలోకి నెట్టి, నా ముఖం మీద తలుపు వేసేసింది.